జనం కారు ఎవరి కారు?

ఈ శుక్రవారం పోస్టు కొంచెం పొడుగుంటది. ఛాయ్ పెట్టుకొని కూర్చోండి.

పోయిన నెల మా గ్యారేజీకి ఒక పాత బీటిల్ కారు వచ్చింది. 1967 మోడల్. ఓనరు వాళ్ల నాయన వాడిన బండి, ఎన్నో ఏండ్ల నుంచి షెడ్డులో పడి ఉన్నదట. మా దగ్గర కొత్తగా చేరిన జగిత్యాల పిల్లగాడు బానెట్ లేపి చూసిండు. అక్కడ స్టెప్నీ, పెట్రోల్ ట్యాంకు తప్ప ఏమీ లేకపోయేసరికి "అన్నా, దీని ఇంజిన్ ఎవడో ఎత్తుకపోయిండు" అన్నడు. గ్యారేజీ అంతా ఒకటే నవ్వు. వెనక డిక్కీ తీసి ఇంజిన్ చూపిస్తే అప్పుడు నమ్మిండు.

రాత్రి రూములో వాడే అడిగిండు. "అన్నా, యూట్యూబ్‌ల ఫోర్డ్ మోడల్ టీ అని ఇంకో పాత బండి చూసిన. రెండిట్ల ఏది గొప్ప?"

అప్పటికి ఇంజిన్ సంగతులు నాలుగు చెప్పి పండుకున్న. కానీ ఆ జవాబు సగమే. మిగతా సగం ఇంజిన్‌లో దొరకదు. ఆ బండి కొన్నది ఎవరు, చేసింది ఎవరు అని చూస్తేనే దొరుకుతుంది. అందుకే ఈ పోస్టు.

ముందు రెండు బండ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఫోర్డ్ మోడల్ టీ 1908 అక్టోబరులో అమెరికాలోని డెట్రాయిట్‌లో మార్కెట్లోకి వచ్చింది. ఇంజిన్ ముందు, నాలుగు సిలిండర్లు, 2.9 లీటర్లు. అంత పెద్ద ఇంజిన్‌కు వచ్చే పవర్ మాత్రం 20 హార్స్ పవర్. గంటకు 65, 70 కిలోమీటర్లు పోతే గొప్ప. నీళ్లతో చల్లబడే ఇంజినే, కానీ వాటర్ పంపు లేదు. వేడెక్కిన నీళ్లు తమంతట తామే పైకి ఎక్కి, రేడియేటర్‌లో చల్లారి కిందికి దిగాలి. పెట్రోలుకు కూడా పంపు లేదు. ట్యాంకు సీటు కింద ఉండేది, అక్కడి నుంచి పల్లానికి పారి ఇంజిన్‌కు చేరాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువున్నప్పుడు నిట్రమైన గుట్ట ఎక్కితే ఇంజిన్‌కు పెట్రోలు అందదు. అందుకే జనం బండిని తిప్పి, రివర్సులో గుట్ట ఎక్కేవాళ్లు.

దాన్ని నడపడం కూడా మనకు తెలిసిన డ్రైవింగ్ కాదు. కింద మూడు పెడల్స్ ఉంటాయి. ఎడమది గేరు, నడిమిది రివర్సు, కుడిది బ్రేకు. యాక్సిలరేటర్ స్టీరింగ్ దగ్గర చేతి లివర్. స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాలి. ఇంజిన్ ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. సెల్ఫ్ స్టార్టర్ 1919లో గానీ రాలేదు.

బీటిల్ దీనికి తలకిందులు. ఇంజిన్ వెనక. యుద్ధం అయిపోయినంక తయారైన మొదటి బండ్లలో 1131 సీసీ, 25 హార్స్ పవర్. అంటే మోడల్ టీలో సగం కూడా లేని ఇంజిన్, పవర్ ఎక్కువ, గంటకు 100 కిలోమీటర్లు. గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు, చలికి గడ్డకట్టేది లేదు, ఎండకు మసిలేది లేదు. గేర్‌బాక్సుకు నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. విప్పితే ఇంజిన్ మొత్తం కిందికి దిగుతుంది. ఒకే బలహీనత. జనరేటర్‌ను, గాలి ఫ్యాన్‌ను తిప్పేది ఒక్కటే బెల్టు. అది తెగితే బండి అక్కడికక్కడ ఆపాల్సిందే, లేకుంటే ఇంజిన్ పోతుంది.

మెకానిక్‌గా అడిగితే నా ఓటు బీటిల్‌కే. కానీ రెండింటి మధ్య ముప్పై ఏండ్ల తేడా ఉంది. మనవడు తాతకంటే స్పీడుగా ఉరికితే అందులో తాత తప్పేముంది? కాబట్టి అసలు పోలిక వేరేచోట ఉంది.

రెండింటి బిరుదూ ఒకటే: జనం బండి. ఫోక్స్‌వ్యాగన్ అనే జర్మన్ మాటకు అర్థమే అది. హెన్రీ ఫోర్డ్ కూడా సామాన్యుడి కోసమే కారు చేస్తున్నా అన్నాడు. మరి ఏ జనం? ఆ బండికి బోల్టు బిగించినవాడు దాన్ని కొనగలిగాడా?

నేను ధరను డాలర్లలో చూడను, రోజుకూలీల్లో చూస్తా. గల్ఫ్‌కు వచ్చినోళ్లందరికీ ఇది అలవాటే. ఫోన్ కొనాలన్నా, చెల్లె పెళ్లికి తులం బంగారం కొనాలన్నా "ఎన్ని రోజుల జీతం" అనే లెక్కేసుకుంటాం. అట్లనే చూద్దాం.

1908లో మోడల్ టీ ధర 850 డాలర్లు. 1914కు ముందు ఫోర్డ్ ఫ్యాక్టరీలో మామూలు కార్మికుడి రోజుకూలి 2.34 డాలర్లు. అంటే తిండి, కిరాయి ఏమీ లేకుండా మొత్తం దాచినా 363 రోజుల కూలి. వారానికి ఆరు రోజుల పని లెక్కన ఏడాది దాటుతుంది. తను చేసే కారు తనది కాదు.

1913లో డెట్రాయిట్ పక్కన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ మొదలైంది. ఈ ఆలోచనకు ఒక మూలం చికాగో కబేళాలు. అక్కడ కొక్కేలకు వేలాడే పశువు ముందుకు కదులుతుంటే ఒక్కో మనిషి ఒక్కో ముక్క కోసేవాడు. ఫోర్డ్ మనుషులు దాన్ని తిరగేశారు. ఇక్కడ బండి కదులుతుంటే ఒక్కొక్కడు ఒక్కో ముక్క తగిలిస్తాడు. ఒక ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. అది 93 నిమిషాలకు వచ్చింది.

బయట నుంచి చూస్తే అద్భుతం. లోపల నిలబడినోడికి నరకం. పొద్దంతా ఒకటే నట్టు, ఒకటే తిప్పుడు. జనం పారిపోయారు. 1913లో సుమారు 14 వేల మందిని పనిలో నిలబెట్టడానికి ఆ ఏడాది మొత్తంలో 52 వేల మందిని తీసుకోవాల్సి వచ్చింది. వచ్చినోడు వచ్చినట్టే పోతున్నడు.

అప్పుడు 1914 జనవరి 5న ఫోర్డ్ కంపెనీ ప్రకటించింది: రోజుకు 5 డాలర్లు, తొమ్మిది గంటల బదులు ఎనిమిది గంటలు. కూలి రెట్టింపు దాటింది. ఫ్యాక్టరీ గేటు ముందు వేలమంది ఎగబడ్డారు. దీన్ని ఫోర్డ్ దయ అని చాలామంది రాస్తారు. దయ కొంత ఉందో లేదో గానీ, మనుషులు నిలబడకపోతే లైన్ నడవదు అనే లెక్క మాత్రం గట్టిగా ఉంది. పారిపోయిన ఆ కార్మికులే తెలియకుండా జీతం పెంచించారు.

లైన్ వల్ల ధర దిగింది, కూలి పెరిగింది. 1916లో టూరింగ్ మోడల్ 360 డాలర్లు. 5 డాలర్ల కూలితో 72 రోజులు. 1925కు చిన్న రనబౌట్ 260 డాలర్లు. అప్పటికి కూలి 6 డాలర్లు. 43 రోజులు! ఏడాది కూలి నుంచి నెలన్నర కూలికి దిగింది. 1914 నుంచి 1925 దాకా నల్ల రంగు ఒక్కటే, ఇంకో రంగు అడగొద్దు. అయినా కార్మికుడి ఇంటి ముందు కారు నిలబడింది. రైతులు దాని వెనక చక్రానికి బెల్టు తగిలించి కట్టెలు కోశారు, నీళ్లు తోడారు. ఇది చిన్న సంగతి కాదు.

కానీ ఆ 5 డాలర్లకు షరతులున్నాయి. సగం కూలి, సగం లాభంలో వాటా. ఆ వాటా దక్కాలంటే కంపెనీవాళ్లు ఇంటికి వచ్చి చూసేవాళ్లు. దానికోసం ఒక డిపార్ట్‌మెంటే పెట్టారు, సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్ అని. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నడా, పైసలు దాస్తున్నడా, ఇంట్లో అద్దెకు పరాయివాళ్లను పెట్టుకున్నడా, అన్నీ రాసుకునేవాళ్లు. నచ్చకపోతే వాటా కట్. మొదట్లో ఆడవాళ్లకు ఈ 5 డాలర్లు లేనే లేవు, 1916లో గానీ ఇవ్వలేదు.

ఫోర్డ్ కార్మికుల్లో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లే. పోలండ్, ఇటలీ, రష్యా, సిరియా, ఎక్కడెక్కడివాళ్లో. వాళ్లకు కంపెనీ ఇంగ్లీషు బడి పెట్టింది. చదువు అయినంక ఒక వేడుక చేసేవాళ్లు. స్టేజీ మీద పెద్ద గంగాళం బొమ్మ. కార్మికులు తమ దేశపు బట్టలు వేసుకొని అందులోకి దిగుతారు, అవతలి నుంచి అమెరికన్ కోటు, టోపీ వేసుకొని జెండా ఊపుతూ బయటికి వస్తారు. ఇది చదివినప్పుడు నేను కొద్దిసేపు ఫోన్ పక్కన పెట్టిన. భాష నేర్చుకోవడం మంచిదే. కానీ నువ్వు వచ్చిన ఊరును గంగాళంలో వదిలేసి రావాలి అనడం?

1927 మే 26న కోటీ యాభై లక్షలవ మోడల్ టీ బయటికి వచ్చింది. దాంతో ఆ బండి కథ ముగించారు. ఆ తర్వాత మాంద్యం. 1932 మార్చి 7న పని పోయిన కార్మికులు ఆకలి యాత్రగా డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ రూజ్ ఫ్యాక్టరీకి నడిచి పోతే పోలీసులు, కంపెనీ గార్డులు కాల్పులు జరిపారు. ఆ రోజే నలుగురు చనిపోయారు. 1941 దాకా ఫోర్డ్ కంపెనీ కార్మిక సంఘాన్ని ఒప్పుకోలేదు. కూలి ఇచ్చింది గానీ కూలివాడికి నోరు ఇవ్వలేదు.

ఇప్పుడు జర్మనీ.

హెన్రీ ఫోర్డ్‌ను బాగా ఇష్టపడ్డవాళ్లలో హిట్లర్ ఒకడు. ఫోర్డ్ యూదులకు వ్యతిరేకంగా తన పత్రికలో ఏండ్ల తరబడి రాయించాడు, 1938లో నాజీ ప్రభుత్వం నుంచి పతకం కూడా తీసుకున్నాడు. జర్మనీకి కూడా ఒక మోడల్ టీ కావాలని హిట్లర్ పట్టుబట్టాడు. 1934లో ఫెర్డినాండ్ పోర్షేకు డిజైన్ పని అప్పజెప్పారు. నలుగురైదుగురి కుటుంబం పట్టాలి, గంటకు 100 కిలోమీటర్లు పోవాలి, ధర వెయ్యి మార్కులు దాటొద్దు. పోర్షే 1936లో, 1937లో అమెరికా పోయి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసొచ్చాడు. 1938 మే 26న ఫ్యాక్టరీకి శంకుస్థాపన. చివరి మోడల్ టీ వేడుక కూడా మే 26నే కదా, సరిగ్గా పదకొండేండ్ల తర్వాత అదే తారీఖు.

ధర 990 మార్కులు అన్నారు. కానీ కొట్టుకుపోయి కొనేది కాదు. వారానికి 5 మార్కుల స్టాంపు కొని పుస్తకంలో అంటించాలి. 990ని 5తో భాగిస్తే 198 వారాలు, దాదాపు నాలుగేండ్లు. వడ్డీ లేదు. మధ్యలో మానేస్తే పైసలు వాపసు లేవు.

మనకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే ఇది చిట్టీ. చిట్టీ నడిపేది సాక్షాత్తూ ప్రభుత్వం, ఇంక భయమేముంది అనుకున్నారు జనం. సుమారు 3 లక్షల 36 వేల మంది కట్టారు. వాళ్లలో ఒక్కరికి కూడా కారు రాలేదు. ఒక్కరికి కూడా.

1939లో యుద్ధం మొదలైంది. ఫ్యాక్టరీలో సైన్యానికి జీపులాంటి బండ్లు, ఆయుధాలు తయారుచేశారు. జనం కారు అన్నది కొన్ని వందలు మాత్రమే తయారైంది, అవీ పెద్దోళ్లకు పోయాయి. చిట్టీ కట్టినవాళ్లు యుద్ధం తర్వాత ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1961లో రాజీ కుదిరింది. కొత్త కారు కొంటే ధరలో 600 మార్కుల దాకా తగ్గింపు, వద్దంటే చేతికి 100 మార్కులు.

వీసా కోసం ఏజెంటుకు పైసలు కట్టి, ఏండ్లకు ఏండ్లు ఎదురుచూసినోళ్లకు ఈ లెక్క నేను విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

పైసలు కట్టినోళ్ల కథ ఇది. పని చేసినోళ్ల కథ ఇంకా చీకటి. యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీలో దాదాపు 20 వేల మందితో బలవంతంగా పని చేయించారు. పోలండ్ నుంచి, సోవియట్ నుంచి పట్టుకొచ్చినవాళ్లు, యుద్ధ ఖైదీలు, నాజీ క్యాంపుల నుంచి తెచ్చిన యూదులు. ఒక దశలో పనివాళ్లలో మూడింట రెండు వంతులు వాళ్లే. అక్కడ పనిచేసిన పోలండ్, సోవియట్ ఆడవాళ్ల పసిపిల్లలను తల్లుల దగ్గర నుంచి తీసి ర్యూహెన్ అనే ఊరిలో ఒక గృహంలో పెట్టారు. వందల మంది పసివాళ్లు అక్కడ చనిపోయారు. దానికి బాధ్యుడైన ఫ్యాక్టరీ డాక్టరును యుద్ధం తర్వాత బ్రిటిష్ సైనిక కోర్టు విచారించి ఉరి వేసింది. ఆ గుండ్రటి, నవ్వుతున్నట్టుండే బండి వెనక ఇంత ఉంది. ఆ కంపెనీ బలవంతపు కార్మికుల కోసం సహాయ నిధి పెట్టింది 1998లో, అంటే యాభై మూడేండ్లకు.

1945లో ఆ ఊరు బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చింది. వోల్ఫ్స్‌బుర్గ్ అని పేరు పెట్టారు. ఐవాన్ హర్స్ట్ అనే బ్రిటిష్ మేజర్ ఆ శిథిలాల్లో ఫ్యాక్టరీని మళ్లీ లేపాడు. సైన్యానికి బండ్లు కావాలి, 20 వేల కార్లకు ఆర్డరు తెచ్చాడు. బ్రిటన్ కార్ల కంపెనీలకు ఈ బండి ఆనలేదు. 1948లో హైన్రిచ్ నార్డాఫ్ పగ్గాలు పట్టాడు. 1955 ఆగస్టులో పది లక్షలవ బీటిల్ వచ్చింది. సంఘాలు బలంగా ఉన్నాయి, జీతాలు పెరిగాయి. హిట్లర్ మాట ఇచ్చి ఎగ్గొట్టిన పనిని, ఆయన జైల్లో పెట్టించిన సంఘాల కార్మికులే నిజం చేసుకున్నారు. అప్పుడు అది నిజంగా జనం కారు అయింది.

కానీ కథ అక్కడ ఆగలేదు.

1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. తూర్పు నుంచి వచ్చే పనివాళ్లు ఆగిపోయారు. 1962 నుంచి వోల్ఫ్స్‌బుర్గ్‌కు ఇటలీ నుంచి మగవాళ్లను తెచ్చారు, వేలమందిని. వాళ్లకు పెట్టిన పేరు గాస్ట్‌ఆర్బైటర్, అంటే అతిథి కార్మికుడు. అతిథి అంటే మర్యాద అనుకునేరు. అతిథి అంటే ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సినవాడు అని. ఉండడానికి చెక్క బ్యారక్‌లు. చుట్టూ కంచె, గేటుకు కాపలా, ఆడవాళ్లు లోపలికి రావొద్దు. 1962 నవంబరులో తోటివాడు ఒకడు జబ్బుతో చనిపోతే, వైద్యం ఆలస్యమైందన్న కోపంతో ఆ క్యాంపు భగ్గుమంది, పని ఆగింది.

నేను ఇది ఇప్పుడు కూడా బంకర్ బెడ్డు మీద పండుకొనే రాస్తున్న. అందుకే ఆ చెక్క బ్యారక్‌లు నాకు కండ్లకు కట్టినట్టే ఉన్నాయి.

1964లో జర్మనీకి పది లక్షలవ అతిథి కార్మికుడు వచ్చాడు. పోర్చుగల్ వడ్రంగి. కొలోన్‌లో రైలు దిగగానే బ్యాండు వాయించి, పూలిచ్చి, ఒక బహుమతి ఇచ్చారు. కారు కాదు, మోపెడ్.

అయినా ఆ ఇటలీవాళ్లు కొందరు పోలేదు. సంఘంలో చేరారు, పెండ్లాం పిల్లలను తెచ్చుకున్నారు, ఊరిలో కలిసిపోయారు. ఇప్పటికీ వోల్ఫ్స్‌బుర్గ్‌లో ఇటలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. అతిథులు ఇంటివాళ్లయ్యారు.

1972 ఫిబ్రవరి 17న బీటిల్ 1,50,07,034వ బండితో మోడల్ టీ రికార్డు దాటింది. మా గ్యారేజీకి వచ్చిన బండి కూడా ఆ లెక్కలోదే. 1978 తర్వాత మామూలు బీటిల్ జర్మనీలో తయారు కాలేదు. చివరిది మెక్సికోలోని ప్యూబ్లాలో 2003 జూలై 30న వచ్చింది. మొత్తం 2,15,29,464.

ఇప్పుడు జగిత్యాల తమ్మునికి జవాబు. బండిగా బీటిల్ గొప్ప. కూలివాడి లెక్కలో మోడల్ టీ గొప్ప, ఎందుకంటే చేసినవాడి ఇంటికి ముందుగా చేరింది అదే. కానీ రెండు కథల్లోనూ బండిని జనం బండి చేసింది ఫోర్డూ కాదు, పోర్షే కూడా కాదు. అక్కడ పని వదిలేసి పోయినవాళ్లు సగం, ఇక్కడ సంఘం కట్టినవాళ్లు సగం. ధర దిగితే చాలదు, కూలి ఎక్కాలి. కూలి ఎక్కినా చాలదు, మాట్లాడే హక్కు ఉండాలి. ఈ మూడూ ఉన్నచోటే పేరు నిజమైంది.

నేను పద్దెనిమిదేండ్లుగా గల్ఫ్‌లో కార్లు బాగుచేస్తున్న. ఎన్ని బండ్లు స్టార్ట్ చేసి ఇచ్చిన్నో లెక్క లేదు. నా పేరు మీద ఇప్పటిదాకా కారు లేదు. ఊళ్లో తమ్ముని బైకు ఉంది. ఇది ఏడుపు కాదు, లెక్క. లెక్క తెలిసి ఉండాలి.

మొన్న బుధవారం ఆ బీటిల్ స్టార్ట్ అయింది. ఆ టకటక చప్పుడు వినాలి, కుట్టుమిషన్ లెక్క ఉంటది. ఓనరు వచ్చి, వాళ్ల నాయన సీటు మీద చెయ్యి పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా పిల్లగాడిని పిలిచి, కూర్చో, నువ్వే బయటికి తియ్యి అన్నడు. వాడు గేటు దాకా నడిపి దిగి వచ్చిండు. వచ్చి నా చెవిలో అడిగిండు: "అన్నా, ఇది ఇప్పుడు కొనాలంటే మన జీతం ఎన్ని నెలలు?"

ఇద్దరం లెక్కేసినం. ఎంత వచ్చిందో ఇక్కడ రాయను. మీ జీతంతో మీరూ ఒకసారి వేసుకోండి.